ఎడమ సీటు కింద గట్టిమేళం

పూలకొట్టు రేకుల నీడ బానెట్ మీద సగమైనా పడేలా కారు నిలిపి, అద్దాలు దించి, మునిలక్ష్మి పక్కనున్న ఖాళీ సీటు వంక చూసింది. ఇందాకటి దాకా ఆ సీటులో కూర్చున్న మనిషి, ఆమె మొగుడు వరదరాజులు, ఇప్పుడు తిరుత్తణి కొండ మెట్లెక్కుతున్నాడు. పైన గుండు, స్నానం, దర్శనం, ఆ తర్వాత దిగిరావడం. ఆమె మోకాళ్ళకు మెట్లతో పడదు కనుక ఆమె కిందే. వస్తాడు, గంటకో గంటన్నరకో. వచ్చి అదే సీటులో కూర్చుంటాడు. దాని కింద ఏముందో ఆయనకు తెలియదు. కారులో పరిచిన బూడిదరంగు కార్పెట్టే దానికీ చుట్టి ఉంది కాబట్టి, వంగి చూసినా కారు కంపెనీ వాళ్ళు ఎందుకో అక్కడ గుట్టలాగా పెట్టారనుకుంటాడు. ఆ గుట్టలో నోరు పైకి పెట్టుకుని ఒక సబ్ ఊఫరు, డోలు దెబ్బల్లాంటి లావు శబ్దాలు పలికే స్పీకరు, పడుకుని ఉంది. దానికి గూడు కట్టింది దుకాణం వాళ్ళు కాదు, మునిలక్ష్మి. యాభై దాటిన ఆడది, మోకాళ్ళ నొప్పులున్న ఆడది, వంటింటి వెనక షెడ్డులో చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని కట్టింది. ఈ సంగతి బయట చెప్తే నవ్వుతారు. నవ్వనీ. ఆమెకు భయం నవ్వుల గురించి కాదు. ఆయన వచ్చి కూర్చుని, తను సౌండు మీట తిప్పి, ఆయన ఎప్పటిలాగే అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంటే? ఇది కూడా అందకపోతే ఇక ఆ ఇంట్లో మాటలు చాలించుకుందామని ఆమె అనుకుని చాలా రోజులైంది. కోపంతో కాదు. ఒక రోజు పొద్దున్నుంచి నోరు విప్పనే లేదని సాయంత్రం గ్యాస్ సిలిండరు అతను వచ్చినప్పుడు తెలిసింది. ‘అక్కడ పెట్టప్పా’ అనబోతే గొంతు తుప్పు పట్టిన గొళ్ళెంలాగా కిర్రుమంది. అతను భయపడి మంచినీళ్ళు తాగమన్నాడు.

వరదరాజులు ఆత్తిపట్టు దగ్గర కరెంటు ప్లాంటులో, టర్బైన్ల హాలులో పనిచేసి రిటైరయ్యాడు. చెవులకు పెట్టుకోమని వాళ్ళిచ్చిన కప్పులు ఎప్పుడూ ఆయన మెడలోనే ఉండేవి, పెళ్ళికొడుకు దండలాగా. పెట్టుకుంటే మిషను మాట వినబడదట. బేరింగు ఎప్పుడు మూలుగుతుందో, ఎక్కడ నూనె అడుగుతుందో చెవితోనే పట్టాలట. పై ఆఫీసరు వచ్చినప్పుడు మాత్రం కప్పులు చెవులకెక్కేవి, ఆఫీసరు వెనక్కి తిరగ్గానే మెడకు దిగేవి. అట్లా సర్వీసంతా మిషన్ల కష్టసుఖాలు విని విని, పెళ్ళాం మాట పెట్టుకోవడానికి ఆ చెవుల్లో చోటు మిగల్లేదు. వినబడలేదని ఒప్పుకునే రకమా? కాదు. ఈ కాలం జనం నోట్లోనే గొణుక్కుంటారంటాడు. ఏం చెప్పినా ‘ఊ’ అంటాడు. ఆ ఊ ఎంత బాగుంటుందంటే, కొత్తవాళ్ళు ఈయన ఎంత శ్రద్ధగా వింటాడో అనుకుంటారు. మునిలక్ష్మి ఒక రాత్రి రసం వడ్డిస్తూ, అదే గొంతుతో, కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు, ‘రేపు నేను అరక్కోణం స్టేషను మాస్టరుతో లేచిపోతాండా మామా’ అంది. ‘ఊ’ అన్నాడు. ఒక ముద్ద తిన్నాక, పెరుగు తోడు పెట్టినావా అని అడిగాడు. ఆమె ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు తోముతూ చాలాసేపు నవ్వింది. నవ్వు ఎక్కడ ఆగిందో, ఆగాక ఏమైందో ఆ గిన్నెలకే తెలుసు.

అంబత్తూరులో ఉండే కూతురు మోనిషా చెవికి పెట్టుకునే మిషను కొనిచ్చింది. బఠాణీ గింజంత. వరదరాజులు దాన్ని కాదనలేదు, ప్రేమగా తీసుకున్నాడు, పెట్టెతో సహా దేవుడి మూలలో పెట్టాడు. ఆయుధపూజ నాడు స్క్రూడ్రైవర్లకూ స్పానర్లకూ పెట్టినట్టే దానికీ గంధం, కుంకుమ బొట్టు పెట్టి, హారతిచ్చి, మళ్ళీ మూతేసి లోపల పెట్టేశాడు. మిషనుకు ఇంతకంటే మర్యాద ఏం చెయ్యాలన్నట్టు. మోనిషా ఫోనులో, ‘నాయన పెట్టుకుంటాండాడా అమ్మా’ అంటే, ‘దినమ్మూ దండం పెట్టుకుంటాండాడు’ అని చెప్పింది మునిలక్ష్మి. అబద్ధమేం కాదు.

గాలి వచ్చి పూలకొట్టులోంచి మల్లెల వాసన, కర్పూరం వాసన, పక్కనే ఎవరో పారేసిన కొబ్బరి పీచు తడి వాసన కలిపి లోపలికి తోసింది. వాసనకేం, వస్తుంది, పోతుంది, ఎవర్నీ ఊ అనమని అడగదు. ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఈ స్టీరింగు కూడా ఆయన చెవుల చలవే. తిరువళ్ళూరు రోడ్డులో ఒకసారి వెనక లారీ హారను కొట్టి కొట్టి, చివరకు పక్కనుంచి రాసుకుంటూ పోయి, డ్రైవరు తల బయట పెట్టి అరవంలో ఏడు తరాలనూ తిట్టాడు. ఈయన స్టీరింగు తిప్పుతూ, ఎవురో తెలిసినోళ్ళ మాదిరుండారే అన్నాడు. ఆ తిట్లు మొత్తం ఆమె ఒక్కతే వినాల్సి వచ్చింది. మరుసటి వారం డ్రైవింగు స్కూల్లో చేరింది. ఆమె ఎవర్నీ గుద్దకుండా లైసెన్సు తెచ్చుకుంటే స్వామికి తల నీలాలిస్తానని ఆయన మొక్కుకున్నాడు. ఇచ్చేందుకు పెద్దగా మిగిలింది కూడా లేదు, అయినా మొక్కు మొక్కే. ఆ మొక్కే ఇప్పుడు పైన తీరుతోంది.

ఊఫరు ఆలోచన ఎక్కడ పుట్టిందంటే తిరువళ్ళూరులో వాళ్ళ ఇంటి గేటు దగ్గర. పంగుని నెల ఉత్సవానికి వీధిలో స్వామి ఊరేగింపు పోతోంది. నాదస్వరం, డోలు. వరదరాజులు చూస్తున్నాడు గాని, ఆ చూపు టీవీ సౌండు తీసేసి చూసినట్టుంది. డోలు సరిగ్గా గేటు ముందుకొచ్చింది. ఇనుప గేటు మీద ఆయన చెయ్యి ఉంది. ఆ చేతి వేళ్ళు కదిలాయి. తాళం తప్పకుండా, డోలు వాయించే మనిషి ఎడమచేతి వైపు లావుపాటి దెబ్బ ఎక్కడ పడుతోందో సరిగ్గా అక్కడే. మునిలక్ష్మి మంగళహారతి పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. చెవిలోంచి పోని శబ్దం ఇనుములోంచి పోయింది. కాలేజీలో ఫిజిక్స్ చదివింది కాబట్టి దానికి ఏదో సూత్రం ఉంటుందని గుర్తొచ్చింది, సూత్రం మాత్రం గుర్తు రాలేదు. ఆ రాత్రే బీరువాలోంచి పెళ్ళి క్యాసెట్టు తీసింది. మోనిషా దాన్ని ఎప్పుడో పెన్‌డ్రైవులోకి ఎక్కించి పెట్టింది. పొన్నుస్వామి మేళం. తిరుత్తణిలో, ఇదిగో ఈ కొండ కిందే, ఆ వెనక వీధి మండపంలో.

తిరువళ్ళూరులో కార్లకు సీటు కవర్లు, పాటల పెట్టెలు బిగించే దేవా ఉన్నాడు. అతని దగ్గరికి పోయి, సీటు కింద, కనబడకుండా, దుమ్ము లేవగొట్టే బేసు కావాలంది. కొడుక్కా అక్కా అని అడిగాడు. మా ఆయనకు అంటే ఆమెను పైనించి కిందికి చూసి, టీ తెప్పించాడు. ఆ సీటు కింద పట్టే రెడీమేడు పెట్టె లేదన్నాడు, నేల ఎగుడుదిగుడు, మధ్యలో వైర్ల గొట్టం. నేలను అచ్చు తీసి ఫైబరుతో పోత పోయాలి, తనకు పెళ్ళిళ్ళ సీజను, నెల పడుతుంది అన్నాడు. నేర్పిస్తావా అంది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాసేపటికి అతనూ నవ్వడం మానేసి, జిగురు డబ్బా, ఫైబరు చాప, బ్రష్షులు ఇచ్చి, అరచేతి మీద గీసి చూపించాడు.

వరదరాజులు పొద్దున టిఫిను కాగానే బస్సెక్కి కడంబత్తూరు పోతాడు. అక్కడ చౌడయ్య పంపుసెట్ల షెడ్డు ఉంది. చౌడయ్యకూ చెవుడే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకాయన వానల గురించీ ఒకాయన బీపీ గురించీ మధ్యాహ్నం దాకా మాట్లాడుకుంటారు. ఇన్నేళ్ళలో ఒక్క మాట తేడా రాలేదు. ఆ పొద్దులన్నీ మునిలక్ష్మివి. షెడ్డులో దేవా మనిషి చేత కారు ఎడమ సీటు విప్పించి, నేల మీద వంటింటి వెండిరంగు కాగితం అంటించి, ఫైబరు చాప ముక్కలు దోసెకు నూనె రాసినట్టు జిగురు రాస్తూ పరిచింది. ఆరాక ఊడదీస్తే నేల అచ్చు వచ్చింది, పనస తొక్కలాగా. దాని మీద పుల్లలు నిలబెట్టి ప్లైవుడ్ చట్రం ఎత్తి, ఆ చట్రానికి గుడ్డ సాగదీసి కట్టాలి. సాగే గుడ్డ కావాలి. ఆయన పాత బనియన్లు గుర్తొచ్చాయి. ప్లాంటు రోజుల్లోవి, నూనె మరకలు ఎన్ని ఉతుకులకూ పోనివి. నాలుగు వైపులా లాగి మేకులు కొట్టి, జిగురు పూసింది. జిగురు తాగి బనియను మెల్లగా గట్టిపడింది. ఆయన ఛాతీ తెలిసినంత మేర ఆమెకు ఆ గుడ్డ తెలుసు. గట్టిపడ్డాక వేలితో కొడితే టక్కుమంది. అక్కడే మెట్టు మీద కూర్చుని, దానితో, ‘ఇప్పుడు వినబడతాందా’ అంది. అది ఊ అనలేదు. ఆ ఒక్క విషయంలో అది ఆయన కంటే నయం.

ఆ సాయంత్రం ఆయన వచ్చి, ఏందో పెయింటు వాసన వస్తాందే అన్నాడు. చెవులు రిటైరయ్యాయి గాని ముక్కు ఇంకా ఉద్యోగంలోనే ఉంది. పక్కింటోళ్ళు కిటికీలకు పెయింటేస్తున్నారని చెప్పింది. ఊ అన్నాడు.

తప్పు జరిగింది కొలతలో. ఆ ఊఫరుకు లోపల పది లీటర్ల గాలి ఉండాలన్నాడు దేవా. ఇంత వంకర పెట్టెలో గాలి కొలిచేదెట్లా అంటే, పెట్టె నోట్లోంచి బియ్యం పోసి కొలువక్కా అన్నాడు. బియ్యం కొలవడం ఆమెకు ఒకరు నేర్పాలా? లోపల ప్లాస్టిక్ సంచి పరిచి, డ్రమ్ములోంచి అత్తగారి ఇత్తడి పడితో కొలిచి పోసింది. ఎన్ని పడులు పట్టాయో లెక్కేస్తే పది లీటర్లకు బాగా తక్కువ వచ్చింది. పెట్టె చిన్నదైందని, ప్లైవుడ్ చట్రం మీద ఇంకో చట్రం అంటించి రెండు వేళ్ళ ఎత్తు పెంచింది. తీరా కారులో బిగించేటప్పుడు దేవా తల గోక్కున్నాడు. పెట్టె పైకి లేచి, సీటు అడుగుకు ఆనుకుంది. ఎట్లా కొలిచినావక్కా అన్నాడు. అతని టీగ్లాసుతో ఇసుక ముంచి చూపించింది. అతను గ్లాసు వంక చూసి, ఆమె వంక చూసి, మెల్లగా అన్నాడు.

“అక్కా, ఈ గోపురం ఎవురు లెక్కేస్తారు?”

అప్పుడు తెలిసింది. ఆమె అన్ని పడులూ పైకి పొంగేట్టు, జారేట్టు కొలిచింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారమే అత్తగారు కస్తూరమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. పడి అంచును అరచేత్తో సమం చెయ్యకూడదు, అట్లా కొలిచేది అంగట్లో, ఇంట్లో పడికి గోపురం ఉండాల్సిందే, లేకుంటే గింజ అలుగుతుంది. అప్పట్నుంచి ఒక్క పూట కూడా సమం చేసి కొలవలేదు. కాలేజీ చదువు తలలో ఉంది, పడి చేతిలో ఉంది. చెయ్యి తలను అడగలేదు. ఒక్కో గోపురంలోనూ పోయిన బియ్యాన్ని లెక్కలోకి రానివ్వకపోవడం వల్ల, సరిపోయిన పెట్టెను చాలలేదనుకుని ఎత్తు పెంచింది. సీటుకు ఆనుకుంటే ఊఫరు మోగినప్పుడల్లా సీటు దడదడలాడతాది, అట్లా ఎవురూ పెట్టరు, కోసి తగ్గించాలి అన్నాడు దేవా. సీటు ముందుకూ వెనక్కూ జరగదు కూడా. కానీ మొక్కుకు కృత్తిక నాడు పోవాలని ఆయన అప్పటికే అందరికీ చెప్పేశాడు. అట్లాగే ఉండనీ అంది మునిలక్ష్మి.

ఫోను మోగింది. మోనిషా. నాయన దిగినాడా అని. ఇంకా లేదంది. ఏం చేస్తాండావు అంటే, ఊరికే కూర్చోనుండా అంది. కూతురికి కూడా చెప్పలేదు. చెప్తే ముందే జాలి పడుతుంది, పని కాకపోతే మళ్ళీ పడుతుంది. ఒక జాలికే చోటుంది.

మెట్ల వైపు నుంచి గుండ్లు దిగుతున్నాయి. గంధం పూసిన పసుపుపచ్చ గుండ్లు, ఎండలో అన్నీ ఒకటే. ఒక గుండు కారు వైపే వస్తుంటే ఆమె నిటారుగా కూర్చుంది, అది పక్క వ్యాను ఎక్కింది. ఇంకోటి పూలకొట్టు దగ్గర ఆగి బేరమాడింది, బేరమాడింది కాబట్టి తన మొగుడు కాదు. కట్టుకున్న మనిషిని జుట్టుతో గుర్తుపట్టే అలవాటు ఇంత ముదిరిందా? పెళ్ళి నాడు ఆ జుట్టు ఎంత ఉండేది. ఒత్తుగా, నూనె కారుతూ, బాసికం జారిపోయేంత. తాళి కట్టే వేళ పొన్నుస్వామి గట్టిమేళం మొదలుపెట్టాడు, అన్ని డోళ్ళూ ఒక్కసారిగా, ఎవరైనా అశుభంగా తుమ్మినా వినబడకూడదని కదా ఆ మోత. ఆయన ఆమె మీదికి వంగి ముడి వేస్తున్నాడు. ఆ మోతలో ఆమె ఆయనతో ఒక మాట అంది. మొగుడితో అన్న మొట్టమొదటి మాట. ఆయన చెవి ఇంకా దగ్గరగా వంచాడు. వినబడలేదు. అయినా నవ్వి, ఊ అన్నాడు. ఆ మొదటి ఊ కూడా ఇప్పటి ఊ లాంటిదేనని అప్పుడు తెలియలేదు. ఎంత ముద్దుగా అన్నాడో అనుకుంది. రెండోసారి చెప్పలేదు. తర్వాత చెప్పేంత మాటా కాదు.

డోరు తెరుచుకుంది. ఆమె ఉలిక్కిపడి చూసింది. కొత్త గుండు, గంధం, చెవుల వెనక వరకూ కారిన నీళ్ళు. చెవులు ఇంత పెద్దవా ఈయనవి? ఇన్నాళ్ళూ జుట్టు వెనక దాక్కుని ఉన్నాయి. వరదరాజులు విభూతి పొట్లం డాష్‌బోర్డు మీద పెట్టి, కూర్చుని, కాళ్ళు చాపుకోవడానికి సీటు వెనక్కి తోశాడు. కదల్లేదు. మళ్ళీ తోశాడు.

“సీటు జరగలా. ఏమైంది మే దీనికి?”

చెప్పినా ఒకటే. ఆమె కారు తాళం తిప్పింది, పెన్‌డ్రైవు లోపలే ఉంది. ముందు నాదస్వరం, సన్నగా. ఆయన అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. సరిగ్గా ఆమె భయపడినట్టే చూస్తున్నాడు. ఆమె మీట ఇంకొంచెం తిప్పింది. డోళ్ళు అందుకున్నాయి. డాష్‌బోర్డు మీద విభూతి పొట్లం మెల్లగా నడవడం మొదలుపెట్టింది. వరదరాజులు బిగుసుకున్నాడు.

“బండి ఆపు. బేరింగు పోయినట్టుండాది.”

ముందు డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టాడు, రోగిని చూసినట్టు. అక్కడ కాదనుకున్నాడు. గేరు మీద పెట్టాడు. అక్కడా కాదు. సీటు అంచు పట్టుకున్నాడు, పట్టుకున్న చెయ్యి అక్కడే ఉండిపోయింది. కళ్ళు మూసుకున్నాడు. ప్లాంటులో మిషను ముందు ఇట్లాగే నిలబడేవాడేమో, ఆమె ఎన్నడూ చూడలేదు. దేవా చెప్పినట్టే సీటు మొత్తం దడదడలాడుతోంది, గోపురాలన్నీ కలిసి ఆయన వెన్నుపూసను తడుతున్నాయి. పూలకొట్టు ఆమె చెవులు మూసుకుని ఇటే చూస్తోంది. ఆయన కుడిచేతి వేళ్ళు మోకాలి మీద ఒకటి, రెండు కదిలాయి. తర్వాత అన్నీ. దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ. గట్టిమేళం రేగి, రేగి, ఒక్కసారిగా ఆగింది. వేళ్ళూ ఆగాయి.

“పొన్నుస్వామి” అన్నాడు.

ఆమె తల ఊపింది.

ఆయన గంధం నీళ్ళు కంటి పక్కనుంచి కారుతుంటే పైపంచెతో తుడుచుకున్నాడు. తర్వాత ఆమె వైపు పూర్తిగా తిరిగాడు.

“ఆ పొద్దు నువ్వేమో అంటివి. నేను తాళి కడతావుంటే. నాకు వినబడలా, ఊ అంటిని. ఏమంటివి మే?”

మునిలక్ష్మి అద్దాలు ఎక్కించింది, కొండ కింద జనమంతా వినాల్సినంత గొప్ప మాటేమీ కాదు అది. హ్యాండ్‌బ్రేకు మీదుగా వంగి, ఆ పెద్ద చెవికి నోరు ఆనించి, ఉన్నంత గొంతుతో చెప్పింది.

“నా చీర కొంగు మీద కాలేసి నిలబడినావు మామా. కాలు తియ్యమంటిని.”

వరదరాజులు ఆలోచించాడు. కిందికి చూశాడు. కుడి కాలు పైకెత్తి, జాగ్రత్తగా, రెండు వేళ్ళ దూరం పక్కకు జరిపి పెట్టుకున్నాడు.

“ఇంకా ఏమేమి అన్నావో చెప్పు” అన్నాడు, చెవి ఇటు వంచి.

తిరువళ్ళూరు దాకా దారి ఉంది. అరక్కోణం స్టేషను మాస్టరుతో మొదలుపెడదామా, వద్దా అని ఆలోచిస్తూ, మునిలక్ష్మి కారు వెనక్కి తీసింది.